‘నో సిగ్నల్’ అని పడితే ఏం చేయాలో తెలుగులో చెప్పించండి

గౌరవనీయులైన కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైన టీచర్ని. మా వీధిలో చాలా డాబాల మీద డీడీ ఫ్రీ డిష్ ఉంది. నెలనెలా ఏమీ కట్టనక్కర్లేకుండా 2004 నుంచి నడుస్తున్న ఈ సేవ మాలాంటి ఊళ్లకు ఎంత అక్కరకొస్తోందో రోజూ చూస్తున్నాను. అందుకే మీకు రాస్తున్నాను.

మా పక్కింటి మామ్మగారి కొడుకూ కోడలూ పనికోసం చెన్నై వెళ్లిపోయారు. సాయంత్రం సప్తగిరి పెట్టుకుంటే ఆమెకు ఇంట్లో మనిషి అలికిడి ఉన్నట్టుంటుంది. పోయిన వానాకాలం, కుండపోత వాన పడుతున్న రోజున బొమ్మ గళ్లు గళ్లుగా పగిలి, కాసేపటికి ‘నో సిగ్నల్’ అని పడింది. డిష్ కదిలిందేమోనని ఆ వానలోనే వీధిలో కుర్రాణ్ణి డాబా ఎక్కించారు. నాచు పట్టిన డాబా, పైన ఉరుములు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడే. వాడు డిష్‌ను అటూ ఇటూ తిప్పి దిగాడు. వాన వెలిసినా బొమ్మ రాలేదు. తర్వాత వచ్చిన మెకానిక్ సెట్‌టాప్ బాక్సు పోయిందని కొత్తది అమ్మి, మబ్బు విడిస్తే వచ్చేస్తుందని చెప్పి, పింఛను డబ్బులోంచి రూ.1,800 పట్టుకెళ్లాడు. మబ్బు విడిచింది. బొమ్మ రాలేదు.

నాకు కబురొచ్చేసరికి వారం దాటింది. బాక్సు మెనూలో సిగ్నల్ గీతలు చూస్తే స్ట్రెంగ్త్ 80 పైన, క్వాలిటీ సున్నా. ఈ రెండు గీతల తేడా తెలిసుంటే ఆ డబ్బు మామ్మగారి దగ్గరే ఉండేది. మొదటి గీత నిండుగా ఉంటే ఎల్‌ఎన్‌బీకి, అంటే డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న డబ్బాకి, కరెంటు అందుతోందని, కేబులు తెగలేదని చాలావరకు నమ్మొచ్చు. అప్పుడు కూడా రెండోది సున్నాలో ఉందంటే డిష్ తన ఉపగ్రహం వైపు చూడట్లేదన్నమాట. ఆ ఉపగ్రహం జీశాట్-15, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంది. మా ఊరి నుంచి దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య, ఇంచుమించు 65 డిగ్రీల ఎత్తున. అంత పైన ఉంది కాబట్టి దూరపు చెట్లు అడ్డు రావు. ఇంటిని ఆనుకుని ఎదిగిన కొబ్బరిచెట్టు మట్టలు చాలు. డిష్‌ను గోటిమందం తిప్పి, బాక్సు సిగ్నల్ పట్టుకునేదాకా రెండు మూడు సెకన్లు ఆగి, మళ్లీ గోటిమందం తిప్పాలి. ఆత్రపడితే చేతికి అందినట్టే అంది జారిపోతుంది. ముందుగా దారానికి రాయి కట్టి వేలాడదీసి, డిష్ బిగించిన గొట్టం నిటారుగా ఉందో లేదో చూసుకున్నాను. అరగంటలో సప్తగిరి వచ్చింది. పాత బాక్సు తగిలిస్తే దానికీ వచ్చింది.

అసలు ఆ రోజు కుర్రాడు డిష్ తిప్పేదాకా ఏదీ చెడిపోలేదు. ఫ్రీ డిష్ వాడే కేయూ బ్యాండు తరంగం పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కుండపోత వానలో చినుకులే దాన్ని మింగేస్తాయి. వాన తగ్గగానే దానంతటదే వస్తుంది. పాత యాంటెన్నా రోజుల్లో తెరనిండా చుక్కలు పడ్డా మాట వినబడేది, గాలివాన కబురు చెవిన పడేది. డిజిటల్ బొమ్మ ఒక హద్దుదాకా అద్దంలా ఉండి, హద్దు దాటగానే పూర్తిగా పోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కొబ్బరితోటలు నేలకూలిన సీమ మాది. అలాంటి రాత్రి టీవీ ఆగిపోతే డాబా ఎక్కకూడదని, రేడియో పెట్టుకోవాలని మాకు ముందే ఎవరైనా చెప్పాలి కదండీ.

వాన ఒక్కటే కాదు. సముద్రపు ఉప్పుగాలికి కేబులు చివర రాగితీగ పచ్చగా చిలుము పడుతుంది. ఫ్రీ డిష్‌లో చోటు కోసం జరిగే వేలంలో చానెళ్లు మారాక బాక్సులో మళ్లీ స్కాన్ చేయాలి. పాత పద్ధతి ఎంపెగ్-2 బాక్సుకు కొత్త పద్ధతి ఎంపెగ్-4లో వచ్చే చానెళ్లు రానే రావు. మార్చిలోనూ అక్టోబరు ముందూవెనకా సూర్యుడు ఉపగ్రహం వెనక్కి వచ్చే కొద్ది నిమిషాలు ప్రసారం పోతుంది. కారణం ఏదైనా జనం చేసేది ఒకటే, పైకెక్కి డిష్ తిప్పడం. తిప్పితే లేని జబ్బు వస్తుంది.

2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం రూ.2,539.61 కోట్లతో, ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసార సదుపాయాలు పెంచే బైండ్ పథకాన్ని ఆమోదించింది. మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాలకు 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇవ్వాలన్నది అందులో ఉంది. ఇకమీదట ఇచ్చే ప్రతి బాక్సుతో పాటు, తెలుగు నేలమీద ఇచ్చేవాటికి తెలుగులో, బొమ్మలతో ఒక కాగితం పెట్టించండి. తెరమీద ‘నో సిగ్నల్’ బదులు ‘వాన తగ్గేదాకా ఆగండి, డిష్ ముట్టుకోకండి’ అనే మాట తెలుగులో పడేలా చూడండి. చానెళ్లు మారబోయే ముందు సప్తగిరి, యాదగిరిలో వారం రోజులు స్క్రోలింగ్ వేయించండి. బొమ్మే రానివాళ్లకు టీవీలో చెప్పి లాభం లేదు కాబట్టి ఆకాశవాణిలో, ముఖ్యంగా వానాకాలానికి ముందు, పొలం కార్యక్రమాల మధ్య ఐదు నిమిషాలు ఇప్పించండి.

ఆ కాగితం రాసిపెట్టమంటే నేను రాసి పంపిస్తాను. మామ్మగారికి చదివి వినిపించి, ఆమెకు అర్థమైందన్నాకే పంపుతాను.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక విశ్రాంత సైన్సు టీచరు