కోడలి పూర్వీకుల నగరంలో రెండు రోజులు

సంపాదకులకు నమస్కారం.

మిన్నెసోటాలో పుట్టిన మా కోడలి ముత్తాత, వందేళ్ల కిందట ఫిన్లాండ్‌లోని హాంకో రేవులో ఓడెక్కి అమెరికాకు వలస వెళ్లిన వేలాదిమందిలో ఒకరు. కిందటి వేసవిలో ఆమెతో కలిసి హెల్సింకీలో రెండు రోజులు ఉన్నాం. 1748లో కట్టడం మొదలైన సువోమెన్‌లిన్నా కోటకు పడవలో వెళ్లిరావడం తప్ప, తక్కిన సమయమంతా ఆమె పూర్వీకుల జ్ఞాపకాలకే కేటాయించాం. రేవు పక్కనున్న మార్కెట్ కూడలిలో కర్యాలన్‌పీరక్క అనే ఫిన్లాండ్ పిండివంట కొన్నాం. రై అనే గోధుమలాంటి ధాన్యపు పిండిని పల్చగా వత్తి, మధ్యలో పాలలో ఉడికించిన అన్నం పెట్టి, మనం కజ్జికాయల అంచులు మడిచినట్టే వేళ్లతో నొక్కి కాల్చి, పైన ఉడికించిన గుడ్డు కలిపిన వెన్న రాస్తారు. మొదటి ముక్క నోట పెట్టుకోగానే "మా అమ్మమ్మ చేతి రుచే, అత్తయ్యా" అని ఆమె కళ్లు తుడుచుకుంది.

పాత చర్చి రిజిస్టర్లను ఫిన్లాండ్ జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉంచినందున, ముత్తాత పేరు, పుట్టిన ఊరు ముందే వెతికి రాసుకుని వెళ్లడం మాకు ఎంతో ఉపకరించింది. మన ఇళ్లకు వచ్చిన విదేశీ కోడళ్లు, అల్లుళ్ల మూలాలను వెతుక్కునే ఇలాంటి ప్రయాణాలకు కూడా మీ యాత్రా పేజీలో చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, కాకినాడ