నెట్‌వర్క్ పరీక్షించకుండానే కొత్త సర్వర్ కొనమన్న మీ సర్వీస్‌పై ఫిర్యాదు

విజయవాడ

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కింద మా బిల్లింగ్ నెట్‌వర్క్‌లో మీ సిబ్బంది చేసిన పని, ఆ తర్వాత మీరు పంపిన కొత్త సర్వర్ కొటేషన్ గురించి.

అయ్యా,

మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పాతది, దాన్ని తయారుచేసిన వాళ్లు ఆ పనే మానేశారు. అది విండోస్ 7 ఉన్న సిస్టమ్‌లోనే సరిగ్గా నడుస్తుంది కాబట్టి దాన్నే సర్వర్‌గా, అంటే కౌంటర్లన్నీ వాడుకునే ప్రధాన సిస్టమ్‌గా పెట్టుకున్నాం. కౌంటర్లలో ఉన్నవి విండోస్ 10 సిస్టమ్‌లు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగిపోయిందని మాకూ తెలుసు. ఇవన్నీ చూశాకే మీరు ఏఎంసీకి ఒప్పుకున్నారు. కాంట్రాక్ట్‌లో ఆ సిస్టమ్ వివరాలు కూడా ఉన్నాయి. కాబట్టి "పాత సిస్టమ్ కదండీ, ఇంతే" అన్న జవాబు మీ దగ్గర్నుంచి రాకూడదు.

మీ మనిషి పాత నెట్‌వర్క్ స్విచ్ (సిస్టమ్‌లన్నిటినీ కలిపే పెట్టె) తీసేసి కొత్త గిగాబిట్ స్విచ్ బిగించి వెళ్లినప్పటి నుంచే గొడవ మొదలైంది. ఒక్క కౌంటర్‌లో బిల్లు కొడితే బాగానే వస్తుంది. సాయంత్రం ఆర్డర్లు ముమ్మరమై అన్ని కౌంటర్లూ ఒకేసారి పనిచేస్తే మాత్రం స్క్రీన్లు బిగుసుకుపోతాయి. బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ బిల్లు మీద పడకుండా మందు బయటికి పంపలేం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన మెడికల్ షాపులవాళ్లు సరుకు కళ్లముందే ఉన్నా తీసుకెళ్లలేక కౌంటర్ దగ్గర నిలబడి మమ్మల్ని తిట్టుకున్నారు.

మీ ఇంజనీరు వచ్చిన ప్రతిసారీ చేసిందొకటే. పింగ్ కొట్టి (అవతలి సిస్టమ్ జవాబిస్తోందో లేదో చూసే చిన్న పరీక్ష), "రిప్లై వస్తోంది చూడండి, నెట్‌వర్క్‌లో ఏమీ లేదు" అనడం. విండోస్‌లో మామూలుగా కొట్టే పింగ్‌లో వెళ్లేది 32 బైట్లు. అదీ సెకనుకు ఒక్కటి. తెల్లవారుజామున బెంజ్ సర్కిల్ దాటిన సైకిల్‌ని చూపించి సాయంత్రం ట్రాఫిక్ జామ్ లేదన్నట్టుంది. సర్వర్ నుంచి కౌంటర్‌కి ఒక పెద్ద ఫైల్ కాపీ చేసి చూసి ఉంటే అప్పుడే బయటపడేది. మా అకౌంటెంట్ ఆ మాట అడిగితే, "అది నెట్‌వర్క్ టెస్ట్ కాదండీ" అని కొట్టిపారేశారు. తర్వాత కేబుల్ మార్చారు, దానికి విడిగా బిల్లు వేశారు. ఆ తర్వాత మీ ఆఫీసు నుంచి కొత్త సర్వర్ కొటేషన్ వచ్చింది.

మొదట్లో మాకు ఈ నెట్‌వర్క్ వేసిన ఆయన ఇప్పుడు వేరే పనిలో ఉన్నారు. ఆయనకు ఫోన్ చేస్తే మొదట అడిగిందే "ఈమధ్య స్విచ్ ఏమైనా మార్చారా?" అని. మార్చారన్నాక, సర్వర్‌లో డివైస్ మేనేజర్ తెరిచి నెట్‌వర్క్ కార్డు సెట్టింగుల్లో 'స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్' చూడమన్నారు. అక్కడ '100 ఎంబీపీఎస్ ఫుల్ డ్యూప్లెక్స్' అని ఉంది, అంటే సెకనుకు 100 మెగాబిట్ల స్పీడ్‌తో పంపడం, అందుకోవడం రెండూ ఒకేసారి చేసే పద్ధతి. పాత స్విచ్‌లో ఆ పోర్టును కూడా అలాగే ఫిక్స్ చేసి ఉంచారు, అందుకే అన్నేళ్లూ రెండూ కలిసి నడిచాయి. మీరు పెట్టిన స్విచ్ ఆటో నెగోషియేషన్‌తో, అంటే స్పీడ్, డ్యూప్లెక్స్ అవతలి కార్డుతో చర్చించి తేల్చుకుని పనిచేసే రకం. అవతలి కార్డు ఫిక్స్ చేసి ఉంటే ఆ చర్చలో పాల్గొనదు. అప్పుడు స్విచ్ స్పీడ్ 100 అని కనిపెట్టగలదు గానీ డ్యూప్లెక్స్ తెలుసుకోలేదు, స్టాండర్డ్ ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్‌కి, అంటే ఒకసారికి పంపడమో అందుకోవడమో ఒక్కటే చేసే పద్ధతికి దిగిపోతుంది. ఇక సర్వర్ ఎప్పుడు పడితే అప్పుడు పంపుతుంటే, స్విచ్ దాన్ని కొలిజన్ (రెండు వైపుల డేటా ఢీకొనడం) అనుకుని తన డేటా ప్యాకెట్‌ను మధ్యలోనే ఆపేస్తుంది. ట్రాఫిక్ తక్కువగా ఉంటే తెలియదు, పెరిగేకొద్దీ నరకం. నెట్‌స్టాట్ కమాండ్‌తో ఈథర్‌నెట్ లెక్కలు తీస్తే 'ఎర్రర్స్' వరుసలో సంఖ్య మా కళ్లముందే పెరుగుతూ పోయింది. ఆ సెట్టింగును 'ఆటో నెగోషియేషన్'కి మార్చగానే కౌంటర్లన్నీ మామూలుగా నడిచాయి. పైసా ఖర్చు లేదు. మీరు చెప్పిన కొత్త సర్వర్ కొనుంటే కొత్త కార్డు ఆటోలోనే ఉండేది కాబట్టి సమస్య పోయేది, సర్వరే పాడైందని మేమూ నమ్మేసేవాళ్లం!

ఇక్కడితో ఆగితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ని కాదు. కారణం తెలియక మీ ఇంజనీరు దారిలో చేసిన మార్పులు ఇప్పుడు మాకు అసలు టెన్షన్. అన్ని సిస్టమ్‌లలో ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే చొరబాట్లను ఆపే రక్షణ) ఆఫ్ చేసి వెళ్లారు. కౌంటర్లలో ఎస్‌ఎంబీ 1 ఆన్ చేశారు. ఫైల్ షేరింగ్‌కి వాడే ఆ పాత పద్ధతి 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచీ కొత్త ఇన్‌స్టలేషన్లలో రాకుండా మైక్రోసాఫ్టే తీసేసింది. ఎక్స్‌పీ, సర్వర్ 2003 లాంటి వాటితో మాట్లాడాలంటే అది కావాలి. విండోస్ 7కి ఎస్‌ఎంబీ 2.1 వచ్చు, అంటే మా ఆఫీసులో దాని అవసరమే లేదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ వ్యాపించింది ఎస్‌ఎంబీ 1లోని లోపం పట్టుకునే. అప్పుడు మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. సపోర్ట్ లేని సర్వర్ పక్కనే ఇంటర్నెట్ ఉన్న సిస్టమ్‌లు పెట్టుకుని, ఫైర్‌వాల్ తీసేసి, ఎస్‌ఎంబీ 1 తెరిచి, ఆ సంగతి మాకు ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లడాన్ని సర్వీస్ అంటారా?

మీ సర్వీస్ రిపోర్టుల్లో చూస్తే "చెక్ చేశాం, ఓకే" అని తప్ప ఇంకేమీ లేదు. ఏ సెట్టింగు ముందు ఎలా ఉండేది, ఎలా మార్చారు అన్నది ఎక్కడా రాయలేదు.

అందుకని ఏ సిస్టమ్‌లో ఏమేం మార్చారో రాసి ఇవ్వండి. ఈసారి విషయం తెలిసిన మనిషిని పంపి ఫైర్‌వాల్స్ తిరిగి ఆన్ చేయించండి, మా బిల్లింగ్‌కి కావలసిన పోర్టులకు (ఫైర్‌వాల్‌లో డేటా వచ్చిపోయే దారులకు) మాత్రమే అనుమతి ఇప్పించండి, ఎస్‌ఎంబీ 1 తీయించండి. సర్వర్‌కి ఇంటర్నెట్‌తో పనిలేదు, ఈ-వే బిల్లులు కౌంటర్ల నుంచే తీస్తాం. కాబట్టి రౌటర్‌లో సర్వర్‌కి బయటి దారి మూసేయండి. అవసరం లేకుండా మార్చిన కేబుల్‌కి, ఏఎంసీలో ఉన్న పనికే విడిగా వేసిన విజిట్ ఛార్జీలకు తీసుకున్న డబ్బు వాపసు ఇవ్వండి. సర్వర్ కొటేషన్ రద్దు చేసుకోండి. సర్వర్ ఎప్పటికైనా మార్చాల్సిందే, కాదనం. కానీ సాఫ్ట్‌వేర్ డేటా కొత్తదాంట్లోకి ఎలా తేవాలో తేలాక, మేం అనుకున్నప్పుడు మారుస్తాం.

తీసేసిన పాత స్విచ్ మీ దగ్గరే ఉంది. అది మా సొత్తు, వచ్చే మనిషితో పంపగలరు.

ఈ పనులన్నీ పూర్తయి, రాతపూర్వకంగా జవాబు అందేవరకు ఏఎంసీ రెన్యువల్ మీద సంతకం పెట్టం, మిగిలిన వాయిదా చెల్లించం.

ఇట్లు,
మేనేజర్
(బిల్లులు, సర్వీస్ రిపోర్టుల నకళ్లు జతచేశాం)