కింద వాటా చెల్లికి, ఇంకో ఇద్దరికి థాంక్స్

వచ్చే సోమవారం నుంచి మళ్ళీ ఉద్యోగానికి వెళ్తున్నాను. మందుల డిస్ట్రిబ్యూషన్ చేసే ఒక కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా. 2018లో బాబు పుట్టినప్పుడు వదిలేసిన పని ఇది. ఇన్నేళ్ళ గ్యాప్ తర్వాత నన్ను ఇంటర్వ్యూకి పిలిచారంటే ఆ పుణ్యం మా కింద వాటాలో ఉండే చెల్లిది. మాదాపూర్‌లో రిక్రూటర్‌గా చేస్తుంది. పేరు పెట్టొద్దని మరీ మరీ చెప్పింది కాబట్టి చెల్లి అనే రాస్తున్నాను.

నా పాత రెజ్యూమె చూడ్డానికి పెళ్ళి శుభలేఖలా ఉండేది. రెండు కాలమ్‌లు, నీలం పట్టీలో ఫోటో, ఫోన్ నంబరు పక్కన బుల్లి ఫోన్ బొమ్మ, టాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వచ్చని చెప్పడానికి అయిదింటిలో నాలుగు చుక్కలు. డబ్బులిచ్చి చేయించుకున్నదే. ఎక్కడ అప్లై చేసినా ఉలుకూ పలుకూ లేదు. చెల్లి ఏమీ అనకుండా ఆ పీడీఎఫ్‌లో ఉన్నదంతా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసింది. రెండు కాలమ్‌ల వరుసలూ కలిసిపోయి నా బీకాం వెళ్ళి కంపెనీ పేరు మధ్యలో దూరింది. చుక్కలు పిచ్చి గుర్తులయ్యాయి. జీఎస్‌టీ ఫైలింగ్‌లో ‘ఫైలింగ్’ కాస్తా ‘లింగ్’ అయి కూర్చుంది. ఆ ఫాంట్‌లో ఎఫ్, ఐ అక్షరాలు అతుక్కుని ఒకే గుర్తుగా పడటంతో కాపీలో ఎగిరిపోయాయట. "అక్కా, కంపెనీల్లో రెజ్యూమెలు తీసుకునే సాఫ్ట్‌వేర్ చదివేది దాదాపు ఇలాగే" అంది.

ఆ సాఫ్ట్‌వేర్లనే ఏటీఎస్‌లు అంటారు. వర్క్‌డే, టాలియో లాంటి ఈ ఏటీఎస్‌లు మనల్ని చూడగానే రిజెక్ట్ కొట్టేస్తాయని నాకు ఒకటే టెన్షన్. చెల్లి ఆ భయం చాలావరకు తీసేసింది. చాలాచోట్ల అవి చేసే పని, రెజ్యూమెలోంచి పేరు, చదువు, అనుభవం విడివిడిగా లాగి దాచుకోవడం. తర్వాత రిక్రూటర్ జీఎస్‌టీ, టీడీఎస్, టాలీప్రైమ్ అని వెతికితే ఆ మాటలున్న వాళ్ళు కనిపిస్తారు. మనిషి కంట పడకుండానే పక్కకు నెట్టేవి ఎక్కువగా అప్లికేషన్ ఫారంలోని ప్రశ్నలేనట: ఎన్నేళ్ళ అనుభవం, ఎంత జీతం కావాలి, ఎప్పుడు చేరగలరు. రెజ్యూమెకి మార్కులు వేసే వెబ్‌సైట్లని కూడా పట్టించుకోవద్దంది. ఆ మార్కులు ఆ సైటువే, అప్లై చేసిన కంపెనీకి అవి కనిపించవు.

కొత్తది ఒకే కాలమ్, మామూలు వర్డ్ ఫైలు. ఫోన్ నంబరు హెడర్‌లో పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు చదవవని కిందకి దించింది. వర్క్ ఎక్స్‌పీరియన్స్, ఎడ్యుకేషన్, స్కిల్స్ అని అందరూ వాడే హెడ్డింగులే పెట్టింది. టీడీఎస్ లాంటివి పొట్టి పేరూ పూర్తి పేరూ రెండూ రాయించింది, ఎవరు ఏది టైప్ చేసి వెతికినా దొరకాలని. భర్త పేరు, పుట్టిన తేదీ, చివర్లో డిక్లరేషన్ తీసేసింది. "నన్నే తీసేశారా!" అని మావారు ఒకటే నవ్వు.

అసలు రుణం మాత్రం గ్యాప్ విషయంలో. ఇన్నేళ్ళూ ఖాళీగానే ఉన్నానని నేననుకుంటున్నాను. ఖాళీగా ఏం చేశావక్కా అని చెల్లి గుచ్చి గుచ్చి అడిగితే, మా ఆడపడుచు గారి మెడికల్ షాపు లెక్కల సంగతి బయటికొచ్చింది. కొనుగోలు బిల్లులన్నీ జీఎస్‌టీఆర్-2బీతో (సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లులతో జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే లిస్టు) సరిచూడటం, ప్రతి నెలా జీఎస్‌టీఆర్-1, 3బీ రిటర్నులు వేయడం, సప్లయర్ అప్‌లోడ్ చేయని బిల్లుల కోసం వెంటపడటం. ఇంటి పని అనుకున్న దాన్ని పార్ట్‌టైమ్ అకౌంటెంట్ అని నెలా సంవత్సరంతో రాయించింది. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఇంటర్వ్యూలో సగం సేపు 2బీ గురించే అడిగారు! ఎవరైనా ఫోన్ చేస్తే అవునని చెప్తానన్న వదినకి కూడా ఇక్కడే థాంక్స్.

ఉద్యోగ ప్రకటనలో టాలీప్రైమ్ అని ఉంది. నాకు వచ్చింది దాని ముందు వెర్షన్, టాలీ ఈఆర్‌పీ 9. ప్రైమ్ వచ్చిందే 2020లో. ఊరికే రాసేద్దామంటే చెల్లి ఒప్పుకోలేదు, నేర్చుకున్నాకే రాయమంది. పాత ఆఫీసులో నాతో చేసిన మేడమ్ ఆదివారాలు తన లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి నేర్పారు. మేడమ్, మీరిది చదువుతారని తెలుసు. మీ ఇంట్లో తాగిన టీలకి లెక్క లేదు.

మా తమ్ముడు మధ్యలో ఇంకో ఐడియా ఇచ్చాడు, ప్రకటనలోని మాటలన్నీ తెల్ల రంగులో కనపడకుండా అతికించేయమని. సాఫ్ట్‌వేర్ విడదీశాక రంగులుండవు, అవన్నీ బయటపడతాయి, అప్పుడు మనల్ని ఏమనుకుంటారు అని చెల్లి వాడికి క్లాసు పీకింది.

అకౌంట్స్ వాళ్ళెవరికైనా ఆ సాదా వర్డ్ ఫైలు నమూనా కావాలంటే నన్ను అడగండి, నా వివరాలు తీసేసి పంపిస్తాను. చెల్లి నంబరు మాత్రం అడక్కండి. రోజంతా రెజ్యూమెలే చదివి ఇంటికొస్తుంది పాపం.