దోస్త్ ఆప్షన్ల దగ్గరే పిల్లలు నష్టపోతున్నారు

సంపాదకుల వారికి,

డిగ్రీ సీట్లను ఆన్‌లైన్‌లో కేటాయించే దోస్త్ తొలి విడత కేటాయింపులు వచ్చిన మర్నాడు నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పట్టణాల్లో ఏ నెట్ సెంటర్ ముందు చూసినా రెండే మాటలు. ఒకటి, ‘మావాడికి సీటు రాలేదు’. రెండోది, ‘వచ్చింది గానీ అక్కడ చదివించలేం’. ఇక అప్పుడే ఏదో ఒక ప్రైవేటు కాలేజీ మనిషి ఇంటికొచ్చి టీసీ, మెమో ఇచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం అంటాడు. భయంలో ఉన్న తల్లిదండ్రులు ఇచ్చేస్తారు.

రాష్ట్రంలో డిగ్రీ సీట్లు సగం దాకా ఏటా ఖాళీగా మిగులుతున్నాయి. అలాంటప్పుడు ఇంటర్ పాసైన విద్యార్థికి సీటు రాలేదంటే అది సీట్ల కొరత కాదు, ఆప్షన్లు, అంటే కోరుకునే కాలేజీ, కోర్సుల జాబితా, పెట్టిన తీరులోని లోపం. ఆ పని దగ్గరుండి చేయించే మనిషి మన ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో లేడు.

కేటాయింపు ఎలా జరుగుతుందో చాలామందికి తెలియదు. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్ చూసుకుంటూ సిస్టమ్ మన జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. మన మార్కులకు సీటు దొరికే మొదటి ఆప్షన్ దగ్గర ఆగిపోతుంది, కిందివి ఇక చూడదు. అందుకే తేలిగ్గా వచ్చే కాలేజీని పైన పెట్టినవాడికి అదే వస్తుంది, కింద రాసుకున్న మంచి కాలేజీలో తన మార్కులకు సీటున్నా సరే. హైదరాబాద్‌లో పేరున్న రెండు కాలేజీలే పెట్టి ఊరుకున్నవాడికి ఏదీ రాదు. ఆప్షన్లు ఎన్ని పెట్టినా అదనంగా ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు. మరి పిల్లలు మూడు నాలుగుతో ఎందుకు ఆపేస్తున్నారంటే, నెట్ సెంటర్‌లో వెనక వరుస నిలబడి ఉంటుంది, అంతే.

తొలి విడతలో సీటు రానివారు రెండో విడతలో ఆప్షన్లు మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి. పాత జాబితా తనంతట తాను ముందుకు పోదు. ‘రిజిస్ట్రేషన్ చేశాం కదా, తర్వాతి లిస్టులో వస్తుందిలే’ అని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. తొలి విడతలో అసలు నమోదే కానివారికి రిజిస్ట్రేషన్ రుసుము 200 నుంచి 400 రూపాయలకు పెరుగుతుంది గానీ దారి మాత్రం తెరిచే ఉంటుంది.

ఇక నచ్చని సీటు వచ్చినవారి సంగతి. ఎక్కువ నష్టం వీరికే. నచ్చలేదని ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ (వచ్చిన సీటు తీసుకుంటున్నట్టు వెబ్‌సైట్‌లో తెలపడం) చేయకుండా వదిలేస్తే ఆ సీటు పోతుంది. ముందు గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి ఆ సీటు పట్టుకోవాలి, ఆ తర్వాతే రెండో విడతలో ఇంకా మంచి వాటికి ఆప్షన్లు పెట్టాలి. కొత్తది రాకపోతే పాతది చేతిలో ఉంటుంది. వస్తే మాత్రం పాతది దానంతటదే రద్దవుతుంది, వెనక్కి పోయే వీలుండదు. కాబట్టి చేతిలో ఉన్నదానికన్నా నిజంగా మేలైనవే ఆ జాబితాలో ఉండాలి.

పాలమూరు వైపు మరో చిక్కు. దోస్త్ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో లింకైన ఫోన్ నంబరు కావాలి. చాలా ఇళ్లలో ఆ నంబరు వలస పోయిన తండ్రి దగ్గర, ముంబైలోనో పుణెలోనో ఏదో సైటులో ఉంటుంది. ఓటీపీ అక్కడికి పోతుంది, గడువు ఇక్కడ అయిపోతుంది. పరీక్షలు కాగానే మార్చి, ఏప్రిల్‌లోనే విద్యార్థి ఆధార్‌కు తన దగ్గరుండే నంబరును లింక్ చేయించడం దీనికి మంచి మందు. నంబరు కాలేజీ వాళ్లదో, ఏజెంటుదో అస్సలు ఇవ్వకూడదు. చివర్లో చేరేటప్పుడు కాలేజీ కన్ఫర్మేషన్ ఓటీపీ అని ఒకటి వస్తుంది. దాన్ని చేరదలచుకున్న కాలేజీలో, ఎదురుగా నిలబడి మాత్రమే చెప్పాలి. ముందే ఎవరికైనా చెప్పడమంటే సంతకం పెట్టిన ఖాళీ కాగితం ఇవ్వడమే.

ఆదాయ ధ్రువపత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఇంట్లో ఉన్న పాతది పట్టుకొచ్చి, ఫలితాలొచ్చాక మీసేవకు పరుగెత్తేవాళ్లే ఎక్కువ. అప్పటికి తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తులు కుప్పగా పడి ఉంటాయి.

జాబితా పెట్టేటప్పుడు దగ్గరున్న సర్కారు కాలేజీలను చిన్నచూపు చూడటం మానాలి. నల్లగొండ ఎన్జీ కాలేజీ, మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ రెండూ స్వయంప్రతిపత్తి ఉన్నవి. జడ్చర్ల బీఆర్ఆర్ కాలేజీలో బోటనీ విద్యార్థికి పాఠంతో పాటు పెద్ద వృక్షవనమే దొరుకుతుంది. మిర్యాలగూడ, దేవరకొండ, గద్వాల, వనపర్తి, కల్వకుర్తి, అచ్చంపేటల్లోనూ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలున్నాయి. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది కనుక, బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగి రాగల కాలేజీలన్నీ వారి జాబితాలో ఉండొచ్చు. ఒక్క జాగ్రత్త: అరుదైన కాంబినేషన్‌లో చేరినవారు మరీ తక్కువైతే ఆ ఏడాది ఆ కోర్సు నడవకపోవచ్చు. అదే కాలేజీలో మరో కోర్సును కూడా వెంటనే దాని కింద పెట్టుకోవాలి.

ఇంజినీరింగ్‌లో ర్యాంకు తగ్గినవారికి బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు అంటగట్టేవాళ్లు ఒక మాట చెప్పరు: దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో కూడా 10,000 దాటిన ర్యాంకు బీసీ విద్యార్థుల్లో చాలామందికి ప్రభుత్వం ఇచ్చేది గరిష్ఠంగా 35,000 రూపాయలే. మిగతాది ఇంటి నుంచే. డిగ్రీ స్పాట్ అడ్మిషన్లలోనూ (విడతలన్నీ అయ్యాక మిగిలిన సీట్లకు కాలేజీలే చేసే చేరికల్లో) రీయింబర్స్‌మెంట్ వర్తించదు. అందుకే స్పాట్ దాకా ఆగడం పేదపిల్లలకు ఖరీదైన పని.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వం, మూడేళ్ల ఫీజు కట్టి తీసుకుపొమ్మనే యాజమాన్యాలకు యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ చూపాలి. ఒరిజినల్స్ పరిశీలించి వెనక్కి ఇవ్వాలే తప్ప దగ్గర పెట్టుకోరాదని అందులో ఉంది. చేరికల చివరి తేదీకి 15 రోజులు, అంతకుముందే మానుకుంటే ఫీజు మొత్తం (5 శాతం మించని ఖర్చులు పోను), ఆ తేదీ తర్వాత 15 రోజుల్లోపైతే 80 శాతం, 30 రోజుల్లోపైతే 50 శాతం తిరిగివ్వాలి. మానుకుంటున్నట్టు తేదీ వేసి రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవడం మరవకూడదు.

పని చేసుకుంటూ చదవాల్సినవారికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం స్టడీ సెంటర్లు ఎన్జీ, ఎంవీఎస్ కాలేజీల్లోనే ఉన్నాయి.

ఉన్నత విద్యామండలికి, ఇంటర్ విద్యాశాఖకు మా విన్నపాలు పెద్దవేం కావు. గత ఏడాది ఏ కాలేజీలో ఏ కోర్సుకు ఎన్ని మార్కుల దగ్గర చివరి సీటు వెళ్లిందో ఆప్షన్లు తెరవకముందే తెలుగులో ప్రకటించాలి. ఆప్షన్ల గడువు నడిచినన్నాళ్లు ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కంప్యూటర్ గది తెరిచి, ఒక లెక్చరర్‌ను కూర్చోబెట్టాలి. వేసవి సెలవులంటారా, ఆ రోజులకు ఈఎల్ (ఆర్జిత సెలవులు) ఇచ్చి పిలవండి. ప్రతి విడత తర్వాత కోర్సులవారీ ఖాళీల జాబితాను మండల కార్యాలయాల్లో అతికించాలి. ఆ జాబితాను మీ జిల్లా ఎడిషన్‌లో, ఆప్షన్ల గడువుకు కనీసం రెండు రోజుల ముందు అచ్చేయమని మిమ్మల్ని కూడా కోరుతున్నాం.

– విశ్రాంత డిగ్రీ అధ్యాపకులు, నల్లగొండ