టమోటా రోడ్డుపాలు కాకుండా చూడండి: మార్కెటింగ్ శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

మదనపల్లె, పత్తికొండ మార్కెట్లకు సరుకు పోటెత్తినప్పుడు టమోటా ధర ఎలా కూలిపోతుందో మీకు తెలియంది కాదు. కోత కూలి, బాడుగ, కమీషన్ లెక్కేస్తే అమ్మిన రైతే ఎదురు పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ట్రాక్టరు తలుపు దించి, సరుకంతా రోడ్డు పక్కన కుమ్మరించి వెళ్లిపోతాడు. పశువులు తిన్నన్ని తింటాయి. మిగిలింది రెండు రోజులకు పులిసి, ఈగలు ముసిరి, దారంతా కంపు. 2023 జూలైలో కిలో వంద దాటిన పండే ఇది!

పారబోసేది పండొక్కటే కాదండీ. లోతు బోర్ల నుంచి తోడిన నీళ్లు, నారు, ఎరువు, కట్టెలు నాటి తీగ కట్టిన ఆడవాళ్ల రెక్కల కష్టం, అన్నీ మట్టిలో కలుస్తున్నాయి. గాలాడని చెత్తకుప్పలో కుళ్లితే మీథేన్ కూడా పుడుతుంది.

2018-19 కేంద్ర బడ్జెట్‌లో టమోటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ అనే పథకం ప్రకటించారు. రవాణా, నిల్వ ఖర్చులో సగం రాయితీ అన్నారు. అలాంటి సాయం ధర పడిన రోజే యార్డు గేటు దగ్గర అందాలి, నెలల తర్వాత కాదు.

ఇంకో మాట. టమోటా ముక్కలు కోసి ఒరుగులుగా ఎండబెట్టడం మన ఇళ్లలో పాత పనే. మహిళా సంఘాలకు సోలార్ డ్రయ్యర్లు ఇప్పించి, ఆ ఒరుగులను ప్రభుత్వ హాస్టళ్లకు కొనిపించండి. వచ్చే కోతలలోపే ఒక్క యార్డులోనైనా మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక టమోటా రైతు కూతురు