ఆశ్చర్యార్థకంతో వచ్చిన తంటా

ప్రియమైన శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి కారణం ఒక ఆశ్చర్యార్థక చిహ్నం. నవ్వకు, చెబుతాను.

మా ఆఫీసులో అకౌంట్స్ విభాగం కోసం ఒక చిన్న క్వెరీ భాష, అంటే డేటాలోంచి కావాల్సింది అడిగి తెచ్చుకునే భాష, తయారు చేస్తున్నాం. వడపోత తేలిగ్గానే కుదిరింది. చిక్కంతా మ్యాపింగ్ దగ్గరే. ఉన్న ధరల్లో ఒక్కొక్కదాన్నీ పదితో గుణించమనాలి, అంతే. ఎలా రాస్తే చూడగానే తెలుస్తుంది?

ఎక్స్‌ఎమ్‌ఎల్ డాక్యుమెంట్లలో వెతికే ఎక్స్‌పాత్ భాష మీద నాకున్న మమకారం నీకు తెలుసు. 2014లో వచ్చిన 3.0లో ఈ పనికి ఆశ్చర్యార్థకం పెట్టారు. అందులోనే ఉన్న పాత గుర్తు స్లాష్ అయితే ఎడమవైపు నోడ్‌లు, అంటే డాక్యుమెంటులోని భాగాలు, ఉంటేనే ఒప్పుకుంటుంది. పైగా వచ్చిన నోడ్‌లలో డూప్లికేట్లు తీసేసి, డాక్యుమెంటులో ఉన్న వరసకు మార్చేస్తుంది. ఆశ్చర్యార్థకానికి ఆ పట్టింపులు లేవు, అంకెలిచ్చినా ఇచ్చిన వరసలోనే తిరిగి ఇస్తుంది. ముచ్చటపడి మా భాషలోనూ అదే పెట్టాను, ప్రాధాన్య క్రమంతో సహా. ఒకరోజు

(3, 1, 2) ! . * 10

అని రాశాను. చుక్క అంటే ప్రస్తుతం చేతిలో ఉన్న అంకె, నక్షత్రం అంటే గుణకారం. 30, 10, 20 రావాలి కదా? ఎర్రర్ వచ్చింది. గుణకారం కంటే ఆశ్చర్యార్థకమే ముందు అతుక్కుంటుంది కాబట్టి, మూడు అంకెల మూటను మూటగానే పదితో గుణించబోయింది. కుడివైపు బ్రాకెట్లు పెడితే సరిపోయింది. కానీ చుక్క, పక్కన నక్షత్రం, చుట్టూ బ్రాకెట్లు! ముగ్గులా ఉంది తప్ప వాక్యంలా లేదు.

జేసన్ డేటాను మలిచే జేక్యూ అనే పనిముట్టులో మ్యాప్ అనే మాట ఉంది. విడివిడిగా తీసి, పైపులోంచి పంపి, మళ్లీ చదరపు బ్రాకెట్లలో పోగుచేయడానికి అది పొట్టిపేరు. సరే, మాటే మేలనుకున్నాను. అకౌంట్స్ అమ్మాయి చూసి "ఇందులో పటం ఎక్కడుందండీ?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు.

అసలు గుర్తుకన్నా వరసే ముఖ్యమని అప్పుడు తట్టింది. డేటాబేస్‌లను అడిగే ఎస్‌క్యూఎల్‌లో సెలెక్ట్ (ఏం కావాలి) ముందు, ఫ్రమ్ (ఏ పట్టికలోంచి) తరవాత. అది ఇంగ్లీషు ఆజ్ఞ వరస. మనం "బుట్టలోంచి మామిడికాయలు తీసి, చెక్కు తీసి, ముక్కలు కోయి" అంటాం. వస్తువు ముందు, పని చివర. 2007లో సీ షార్ప్ భాషలో వచ్చిన లింక్ (LINQ) అనే క్వెరీ సదుపాయం కూడా ఫ్రమ్‌నే ముందు పెట్టింది. ఏ పట్టికో తెలిస్తేనే కదా ఎడిటర్ కాలమ్ పేర్లు అందించేది!

ఇప్పుడు మాది ఇలా ఉంది: మొదటి వరుసలో అమ్మకాలు, కింద ఈచ్ (ఒక్కొక్కదానికీ), దాని పక్కన పన్ను = ధర * 0.18. అకౌంట్స్ అమ్మాయి ఆగకుండా చదివేసింది. ఆ వెంటనే, "మరి పాత కాలమ్‌లు ఉంటాయా, పోతాయా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మైక్రోసాఫ్ట్ వారి క్వెరీ భాష కుస్తోలో ఈ రెంటికీ ఎక్స్‌టెండ్ (పాతవి ఉంచి కొత్తది చేర్చు), ప్రాజెక్ట్ (అడిగినవే ఉంచు) అని వేర్వేరు మాటలున్నాయి. నాకు ఎక్స్‌టెండ్ నచ్చింది గానీ ప్రాజెక్ట్ అంటే మళ్లీ ఆ అమ్మాయి సినిమా హాల్లో తెర మీదికి పోతుందేమోనని భయం.

నువ్వు పిల్లలకు కోడింగ్ చెబుతున్నావు కదా. ఈ రెండు వరుసలూ బోర్డు మీద రాసి, ఏమీ వివరించకుండా, ధర కాలమ్ మిగులుతుందో లేదో అడుగు. ఎంతమంది ఏమన్నారో ఈ ఆదివారంలోగా రాయి.

నీ
రవి