భూగర్భ జల వినియోగదారుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ప్రధానంగా ఒక్క విషయానికే పూనుకుంది. భూగర్భ జల శాస్త్రవేత్తలకు తెలిసిన సంగతి, రైతు రబీ విత్తనం కొనకముందే అతనికి అందాలి. రైతుకు తెలిసిన సంగతి వారి లెక్కల్లోకి ఎక్కాలి.

మన అనంతపురం ప్రాంతానికి ఇది కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఏడు కరవు జిల్లాల్లో మొదలైన ఏపీఎఫ్‌ఏఎమ్‌జీఎస్ (రైతులే నిర్వహించుకునే భూగర్భ జల వ్యవస్థల) పథకం, నెదర్లాండ్స్ నిధులతోనూ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతోనూ నడిచి, వాన కొలవడం, బోర్లలో నీటిమట్టం చూడడం రైతులకే నేర్పింది. ఫలానా పంటే వేయమని అది ఎవరినీ శాసించలేదు. రబీకి ముందు నీటి బడ్జెట్, అంటే ఉన్న నీరెంత, పంటలకు కావాల్సిందెంత అనే లెక్క వేయించి, నిర్ణయం రైతులకే వదిలింది. మనం అనుసరించినదీ ఆ పద్ధతినే.

శాస్త్రవేత్తలతో జరిగిన తొలి సమావేశంలోనే చిక్కు ఎక్కడుందో తెలిసింది. బోరు రెండంగుళాలు పోస్తోందని మనం అంటే, సెకనుకు ఎన్ని లీటర్లని వారు అడిగారు. మనం లోతును అడుగుల్లో చెబితే వారు మీటర్లలో రాసుకున్నారు. చివరికి అందరం బోరు దగ్గరికే వెళ్లి, 200 లీటర్ల డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూశాం; 100 సెకన్లు పడితే సెకనుకు రెండు లీటర్లు పోస్తున్నట్టు. నీటిమట్టాన్ని ఉదయం మోటారు వేయకముందే ఎందుకు కొలవాలో కూడా అక్కడే అర్థమైంది.

ఎకరా నేలమీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్ల నీరు. వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్లు కావాలి కాబట్టి ఎకరాకు 48 లక్షల లీటర్లు. వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలు కాబట్టి 20 లక్షలు. ఎన్నో ఉపన్యాసాలు చేయలేని పని, పంచాయతీ గోడమీద రాసిన ఈ రెండు అంకెలు చేశాయి.

నేర్చుకున్నది మనమొక్కరమే కాదు. ఏ బోరు నడిస్తే ఏ చేలో నీరు తగ్గుతుందో మన పెద్దలు చెప్పగా, నల్లరాతి పొరల్లోని పగుళ్లు ఆ రెండు చోట్లనూ కలుపుతూ ఉండవచ్చని శాస్త్రవేత్తలు వివరించి, తమ పటంలో గుర్తు పెట్టుకున్నారు.

ఒక బాధ మాత్రం చెప్పక తప్పదు. గతంలో మన యువకులు నెలనెలా పంపిన కొలతలకు సంబంధిత కార్యాలయం నుంచి ఒక్క జవాబూ రాలేదు, దాంతో ఆ యువకులు రాయడమే మానేశారు. జవాబు లేని చోట కొలిచేవారికి ఓపిక ఎలా ఉంటుంది? అందుకే ఇకపై మన కొలతలు అందుకునే శాస్త్రవేత్తలు అక్టోబరు సమావేశానికి స్వయంగా వచ్చి, వాటినుంచి ఏం తేలిందో తెలుగులో వివరించాలని కార్యవర్గం తీర్మానించింది. అందుకు వారు ఒప్పుకున్నారు.

ఆ సమావేశానికి బోరున్న ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ తమ కొలతల పుస్తకం వెంట తేవాలని కోరుతున్నాం. పుస్తకం లేనివారు కార్యదర్శిని అడిగి తీసుకోవచ్చు.